జంట కాగితం

ఫిబ్రవరి 11

చెల్లీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి కళ్ళద్దాలు దొరకలేదు, రెండోసారి ఓపిక దొరకలేదు. మీ ప్రార్థన మందిరానికి తాళం వేసి లక్క ముద్ర కొట్టారని రాశావు. కొడితే కొట్టారు. ఆ పైకప్పు ఎప్పుడో ఒకప్పుడు ఎవరి నెత్తిమీదో పడేదే. మునిసిపాలిటీ వాళ్ళు జన్మలో మొదటిసారి ముందుచూపుతో ఒక పని చేశారని సంతోషించక, "హింస మొదలైంది అన్నయ్యా" అంటావేమిటి? హింస అంటే ఏమిటో నాకు తెలుసు. బైండింగుకి వచ్చిన ప్రతి చరిత్ర పుస్తకాన్నీ కుట్టేముందు చదివినవాణ్ణి. ఏ రాజు ఏ మతంవాళ్ళని ఏ గోడకేసి కొట్టాడో పేజీతో సహా చెప్పగలను. తాళంకప్పని ఎవరూ హింస అనరు.

ఈ గొడవంతా మీ ఆయన తెచ్చిపెట్టిందే అయివుంటుంది. త్రాసులూ తూకం రాళ్ళూ బాగుచేసుకునే మనిషి తన పని తాను చూసుకోక, ఆదివారం పూట పదిమంది ముందూ నిలబడి ప్రార్థన చెప్పడం ఎందుకు? లోకమంతా తన త్రాసులోనే తూగాలనుకునే రకం. నాన్న పోయిన రోజున, అందరూ చూస్తుండగా, "నమ్మకం లేనివాడు పెట్టె మోయకూడదు, పక్కకి జరుగు బావా" అన్నాడు. కన్నకొడుకుని పట్టుకుని! నాన్న పెట్టె నా భుజం దాకా వచ్చి వెనక్కి పోయింది. నువ్వు తలవంచుకుని నిలబడ్డావు. నేనేమీ మరిచిపోలేదు. మరిచిపోయే ఉద్దేశం కూడా లేదు.

ఇక్కడ అంతా మామూలే. నన్ను లైబ్రరీలోంచి బయటికి పంపిన లైబ్రేరియన్, అదే మన ఇస్త్రీ దొర, ఇంకా ఒక్క ముడత కూడా పడకుండా తిరుగుతున్నాడు. నా కుట్టుబల్ల మీద పూలకుండీ పెట్టుకున్నాడట. "కుట్టు బైండింగుకి కాలం చెల్లింది మాస్టారూ, ఇప్పుడంతా జిగురే" అని నాకు సెలవిచ్చిన మేధావి. ఆయనగారి జిగురు పుస్తకాలు రెండోసారి తెరిస్తే చాలు, పేకముక్కల్లా చేతిలోకి వస్తున్నాయని విన్నాను. ఈ నెలలో నాకు దక్కిన సంతోషం అదొక్కటే.

నువ్వు కాన్పులకి వేళాపాళా లేకుండా పరిగెత్తడం కాస్త తగ్గించు. నీ మోకాళ్ళు నీవే, ఊరివి కావు.

ఏదీ నమ్మని,
నీ అన్నయ్య

*

ఫిబ్రవరి 20

అన్నయ్యకి,

పైకప్పు బాగానే ఉంది. ఆ సంగతి వదిలెయ్యి. ఇది హడావిడిగా రాస్తున్నాను, అక్షరాలు సరిగ్గా లేవని వెక్కిరించకు.

మా షాపు పక్క కళ్ళద్దాల తాతగారు గుర్తున్నారా? చిన్నప్పుడు నీకు మొదటి అద్దాలు పెట్టింది ఆయనే. వాళ్ళు యూదులు కాబట్టి శనివారం షాపు మూస్తారు, మేం క్రైస్తవులం కాబట్టి ఆదివారం మూస్తాం. ఒకరు మూసిన రోజు ఇంకొకరు బేరాలు చూసిపెట్టేవాళ్ళు. మందిరానికి తాళం వేయించిన ప్రభుత్వం కొత్త ఆర్డరులో ఇద్దరినీ ఒకే గాటన కట్టేసింది. గ్రంథంలో మొదటి సగం నమ్మేవాళ్ళూ, మొత్తం నమ్మేవాళ్ళూ అందరూ ఒకటేనట.

పోయిన శనివారం జనం వచ్చారు. తాతగారి షాపు అద్దాలు పగలగొట్టి, కళ్ళజోళ్ళు వీధిలో పోసి బూట్లతో నలిపారు. తాతగారు గడప మీద కూర్చుని, "ఆ నల్ల ఫ్రేము మీ నాన్నదిరా, రేపు తీసుకెళ్తానన్నాడు" అంటున్నారు ఒకడితో. అప్పుడు మా ఆయన మన షాపులోంచి వెళ్ళి తాతగారి కుర్చీలో కూర్చున్నారు. "ఇవాళ శనివారం. ఇవాళ ఈ షాపు నాది. ఏం కావాలో నన్నడగండి" అన్నారు. ఇద్దరినీ తీసుకుపోయారు.

గోడ మీద ఎర్ర రంగుతో గుర్తు వేస్తున్నవాడు ఎవరో తెలుసా? రొట్టెల కొట్టువాళ్ళ అబ్బాయి. అడ్డం తిరిగి పుట్టాడు వాడు. వాళ్ళమ్మా వాడూ ఇద్దరూ దక్కరనుకున్నాం. ఆ చేతుల్ని లోకంలో మొదట పట్టుకున్నది నేను. "ఏరా, నువ్వా?" అన్నాను. వాడు తల తిప్పి, "కాస్త జరగండమ్మా, మీ బట్టల మీద పడుతుంది" అన్నాడు. మర్యాదగా అన్నాడు అన్నయ్యా. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు టౌన్‌హాల్లో ఒక పొడుగాటి బల్ల వేశారు. దాని మీద మన గ్రంథం తెరిచిపెట్టి ఉంటుంది. మనవాళ్ళు ఒక్కొక్కరూ వెళ్ళి, అందరి ముందూ ఒక పేజీ మొదలంటా చించి బుట్టలో వెయ్యాలి. ముక్క చిరిగితే ఒప్పుకోరు, పూర్తిగా రావాలి. వేస్తే ఇంటికి పంపిస్తారు. లేకపోతే లోపలే. ఆయన వెయ్యలేదు. నేను వచ్చి వేస్తే ఆయన్ని కూడా వదిలేస్తామంటున్నారు.

తినబుద్ధి కావడం లేదు. నువ్వు ఉత్తరం రాయి.

నీ చెల్లి

*

ఫిబ్రవరి 27

చెల్లీ,

రొట్టెల కొట్టువాళ్ళ అబ్బాయి మాట చదివి ఉత్తరం కింద పెట్టేశాను. కాసేపు కిటికీలోంచి వీధి చూశాను. అందరూ మామూలుగానే నడుస్తున్నారు. మందుల షాపు ఆయన నన్ను చూసి చెయ్యి ఊపాడు. ఇన్ని చరిత్రలు చదివాను కానీ, "మీ బట్టల మీద పడుతుంది" అన్న మాట ఏ చరిత్రకారుడూ రాయలేదు. చెత్త రాశారు అందరూ. యుద్ధాలూ పట్టాభిషేకాలూ రాశారు.

సరే. ఇప్పుడు నా మాట విను. ఒక కాగితం చించితే మనిషి ఇంటికొస్తాడంటే ఇక ఆలోచించడానికి ఏముంది? కాగితమంటే ఏమిటో మీ త్రాసు దొరకి తెలియకపోవచ్చు. బైండరు కూతురివి, నీకు తెలియదా? చింకిగుడ్డలు నానబెట్టి, దంచి, ఆరబెట్టిందే కదా. దాని మీద కాస్త మసి. "గ్రంథం దేవుడిదిరా" అనేవాడు నాన్న. "అట్ట మనది, కూలి మనది" అనేవాణ్ణి నేను. ఆ మాటకే కదా ఇంట్లోంచి వెళ్ళగొట్టాడు.

చిన్నప్పుడు దారానికి మైనం పట్టించింది నువ్వు, కుట్టింది నేను. కుట్టు పుస్తకంలో ఏ కాగితమూ ఒంటరిగా ఉండదని నీకు వేరే చెప్పక్కర్లేదు. కాగితాన్ని మధ్యకి మడిస్తే రెండు ఆకులు. దారం ఆ మడతలోంచి పోతుంది. ఇటు ఆకుని మొదలంటా లాగితే, ఎక్కడో కొన్ని పేజీల అవతల ఉన్న దాని జంట ఆకు పట్టు తప్పి ఊడిపడుతుంది. కాబట్టి ఏదో ఒకటి లాగెయ్యకు. గ్రంథం చివర అచ్చు లేని ఖాళీ ఆకు ఉంటుంది చూడు, అది లాగు. దేవుడికి నష్టం లేదు, నీకు మొగుడు దక్కుతాడు. ఇంటికొచ్చాక ఆయన నిన్ను తిడతాడు. తిట్టనీ. నన్నూ తిట్టమను, నేను తిరిగి తిడతాను. బతికున్నవాడితో అయితే పోట్లాడుకోవచ్చు.

రేపే వెళ్ళు.

ఏదీ నమ్మని,
నీ అన్నయ్య

*

మార్చి 8

అన్నయ్యకి,

ఖాళీ ఆకులు మొదటిరోజే అయిపోయాయి. అందరూ నీలాగే ఆలోచించారు.

చూడ్డానికి వెళ్ళాను. చూసేవాళ్ళని ఆపరు, చూడాలనే వాళ్ళ కోరిక. హెడ్మాస్టరు గారు వెళ్ళారు. కళ్ళు మూసుకుని లాగారు. జంట ఆకు నువ్వు చెప్పినట్టే ఊడి నేలమీద పడింది. ఆయన చేతిలో ఉన్నది బుట్టలో వేశారు. కిందపడినదాన్ని తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్ళారు. బయట మెట్ల మీద కూర్చుని వాంతి చేసుకున్నారు. బల్ల దగ్గర గుమాస్తా ప్రతివాళ్ళకీ "థాంక్యూ అండీ" అంటున్నాడు. బ్యాంకులో అన్నట్టు.

తాతగారి ఇంట్లో వేరేవాళ్ళు దిగారు. కిటికీకి అవే కర్టెన్లు. పొద్దున్నే ఆ కర్టెన్ పక్కకి జరిపి ఎవరో కొత్తావిడ నాకు నమస్కారం పెట్టింది. నేనూ పెట్టేశాను. తర్వాత నా చెయ్యి నేనే చూసుకున్నాను.

ఇంకోటి రాస్తే నమ్మవు. రొట్టెల కొట్టు అబ్బాయి పెళ్ళానికి నొప్పులొస్తే నన్నే పిలిపించారు. వెళ్ళాను. ఏం చెయ్యను చెప్పు, బిడ్డ వాడిలాగే అడ్డం తిరిగి ఉంది. తిప్పి తీశాను. ఆడపిల్ల. వాడు బయట గోడకి తల ఆనించి ఏడ్చాడు. నా చేతులు కళ్ళకద్దుకున్నాడు. గోళ్ళ సందుల్లో ఇంకా ఆ ఎర్ర రంగు ఉంది. వాకిలి దాకా దిగబెట్టి, "అమ్మా, ఒక్క పేజీయే కదమ్మా" అన్నాడు. నువ్వు రాసిన మాటే. నువ్వు కాగితం అన్నావు, వాడు పేజీ అన్నాడు, అంతే తేడా.

నేను చించను. నాకు మళ్ళీ చెప్పకు.

నీ చెల్లి

*

మార్చి 17

చెల్లీ,

నన్ను వాడితో పోల్చావు. సరే, ఆ బాకీ తర్వాత చూసుకుందాం. ముందు ఇక్కడ జరిగింది విను. ఈ మధ్య నీ కవర్ల అంచులు నలిగి వస్తున్నాయి, ఎవరో విప్పి చూస్తున్నట్టుంది, కాబట్టి చెప్పవలసినంతే చెబుతాను.

మొన్న ఇక్కడి టౌన్‌హాల్ గుమాస్తా ఒకడు నా గది తలుపు తట్టాడు. కుర్రవాడు, తల నున్నగా దువ్వుకుని, జోడు బయట విడిచి వచ్చాడు. "మాస్టారూ, మీలాంటి కుట్టు చేసేవాళ్ళు ఈ చుట్టుపక్కల ఎవరూ లేరటగా" అన్నాడు. ఈ మాట ఇన్నేళ్ళలో ఎవరూ అనలేదు. లోపలికి రమ్మన్నాను.

వాడి కష్టం ఏమిటంటే, పుస్తకాలు చాలడం లేదట. "ఒకటి లాగితే రెండు పోతున్నాయండీ. ఈ లెక్కన ఎండాకాలం అయ్యేదాకా రావు. మనుషులు ఇంకా చాలామంది ఉన్నారు" అన్నాడు. మాటల్లో ఎక్కడా తడబాటు లేదు. గింజలు చాలడం లేదన్నట్టు చెప్పాడు.

"కొత్తవి అచ్చు వేయించుకోరాదూ?" అన్నాను.

"నిషేధించాం కదండీ" అన్నాడు.

నవ్వాను. వాడు నవ్వలేదు.

లైబ్రరీకి తీసుకెళ్ళాడు. ఇస్త్రీ దొర తన చేత్తో పూలకుండీ ఎత్తి, బల్ల తుడిచి, నాకు టీ తెప్పించాడు. "మీ కుట్టుబల్ల మీకోసమే ఉంచాను మాస్టారూ" అన్నాడు. "అవును, నీళ్ళు కూడా పోశావుగా" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు మూతులు బిగించుకున్నారు. నీకు దాచడమెందుకు, హాయిగా అనిపించింది.

తర్వాత గోనెసంచులు విప్పారు.

చెల్లీ, పుస్తకాన్ని అలా చూడలేదు నేనెప్పుడూ. ఎలుకలు కొట్టినవి చూశాను, వరదలో నానినవి చూశాను. ఇవి పళ్ళు ఊడగొట్టిన నోళ్ళలా ఉన్నాయి. యూదుల గ్రంథాలు, మనవాళ్ళవి, అన్నీ కలిపి కుక్కారు. అట్టల లోపల ఎవరెవరో పిల్లలు పుట్టిన తేదీలు రాసుకున్నారు. కొన్నిటి వీపు మీద నాన్న కుట్టు కనిపించింది, మొదట్లో జంటముడి, చివర్లో ఒంటిముడి. లాగినవాళ్ళు ఎలా లాగారో! ఊడిన దారాలన్నీ ఏరి జేబులో వేసుకున్నాను. దేవుడి కోసం కాదు. ఆయన సంగతి ఆయన చూసుకుంటాడు. ఆ పని కోసం.

పని ఒప్పుకున్నాను. బాగుచేసినవి ముందుగా మీ వైపు ఊళ్ళకే పంపుతారట. ఏం చేస్తున్నానని అడగకు.

వెళ్ళబోతూ గుమాస్తా ఒక మాట అన్నాడు. "మీదీ ఆ కుటుంబమే కదండీ. పని పూర్తయ్యాక మీరూ ఒక పేజీ వేసేస్తే సరిపోతుంది. ఊరికే, పద్ధతి కోసం."

"నాకు నమ్మకం లేదయ్యా, కావాలంటే ఊళ్ళో ఎవరినైనా అడుగు" అన్నాను.

"నమ్మకం ఎవరికి కావాలండీ, మేము చూసేది పుట్టుక" అన్నాడు.

ఒక జీవితకాలం వాదించి సంపాదించుకున్న నాస్తికత్వాన్ని ఆ కుర్రవాడు చెప్పులు తొడుక్కుంటూ కొట్టిపారేశాడు.

ఏదీ నమ్మని,
నీ అన్నయ్య

*

మార్చి 25

అన్నయ్యకి,

వాళ్ళకి పని చేస్తున్నావన్నమాట. టీ తెప్పించారని రాశావు. పూలకుండీ తీశారని రాశావు. ఇక్కడ మనుషులు ఎక్కువసేపు వరసలో నిలబడటానికి, అక్కడ నువ్వు పుస్తకాలు కుడుతున్నావు. ఒకసారి చదివి, తప్పు చదివానేమో అని మళ్ళీ చదివాను.

నీ కోపం మనుషుల మీద అనుకునేదాన్ని. నీకు కావలసింది ఆ బల్ల ఒక్కటే అన్నమాట.

ఇన్నాళ్ళూ చెప్పనిది ఒకటి చెప్తాను. నిన్ను పెట్టె మొయ్యనివ్వొద్దన్నది ఆయన కాదు. నాన్న. పోయే ముందు ఆయన చెయ్యి పట్టుకుని మాట తీసుకున్నాడు. "ఆ మాట నాన్న నోటి నుంచి వచ్చిందని తెలిస్తే బావ తట్టుకోలేడు, నన్ను తిట్టుకోనీ" అన్నారాయన. నీ తిట్లన్నీ పడ్డారు. నీ ప్రతి ఉత్తరం చదివి, "బావ ఆరోగ్యంగానే ఉన్నాడు, కోపం తగ్గలేదు" అని నవ్వేవారు.

నిన్న ఆయన చొక్కా ఉతకమని పంపారు. ముందు భాగం బొత్తాలతో సహా బాగానే ఉంది. వీపు లేదు. గుడ్డ చిరగడం కాదు అన్నయ్యా, వీపు లేదు. దాన్ని ఎలా ఉతకాలో తెలియక తొట్టి పక్కన నిలబడిపోయాను.

ఏప్రిల్ మొదటి తారీఖున బల్ల దగ్గరికి వెళ్తానని చెప్పాను. చించేస్తాను. నీ మాట విని కాదు.

ఇక నాకు రాయకు.

*

మార్చి 29

(ఈ ఉత్తరం కవరు విప్పకుండానే వెనక్కి వచ్చింది. పైన: "ఇల్లు సీలు చేయబడినది.")

చెల్లీ,

రాయకు అన్నావు, రాస్తున్నాను. నాన్న సంగతి చదివాను. దాని గురించి ఇప్పుడు రాయలేను. ఇన్నేళ్ళు తప్పు మనిషి మీద కోపం పెట్టుకున్నాను, సరైన మనిషి చేతికందకుండా పోయాడు. అంతవరకే.

ముందు ఇది చదువు. ఎవడైనా విప్పి చదివితే చదవనీ.

నేను కుట్టి ఊరుకోలేదు. శిథిలమైన రాతప్రతులు బాగుచేయడానికి లైబ్రరీలో సన్నటి షిఫాన్ పట్టుగుడ్డ తానులు ఉంటాయి. కాగితానికి రెండు వైపులా మైదా జిగురుతో అంటిస్తే కంటికి కనిపించదు, అక్షరం మసకబారదు. కానీ ఆ కాగితం చేత్తో చిరగదు. నువ్వు కాదు, పహిల్వాను లాగినా చిరగదు. ప్రతి పేజీకీ అలా వేశాను. మడతల్లో గుడ్డపట్టీ పెట్టి, మైనపు దారం రెండు వరసలు వేసి కుట్టాను. "రెండో ఆకు ఊడకుండా బందోబస్తు చేశానయ్యా" అంటే గుమాస్తా మురిసిపోయాడు. ఇస్త్రీ దొర భుజం తట్టాడు.

నువ్వు చించవని నమ్మే చేశాను. చించనని రాశావు కదా. నేను ఏదైనా ఒకటి నమ్మడం ఇదే మొదటిసారి, దానికి ఇదా ఫలితం? ఆ సంచి నిన్ననే మీ ఊరికి పంపారు. నువ్వు లాగితే చిరగదు. చిరగకపోతే చించనన్నావంటారు. ఆయన్ని వదలరు, నిన్నూ పట్టుకుంటారు.

మైదా జిగురు తడికి లొంగుతుంది, నీకు తెలిసిందే. వేలు నోట్లో పెట్టి బాగా తడుపుకో. పేజీ తిప్పుతున్నట్టు నటిస్తూ మడత వెంట పైనుంచి కిందికి రాయి. ఒక్క నిమిషం ఆగు. పట్టు వదులుతుంది. అప్పుడు లాగు. తడి వేలు, అంతే. మరిచిపోకు. ఈ ఉత్తరం అందిందని ఒక్క ముక్క రాయి. తిట్టయినా సరే.

అన్నయ్య

*

మే 2

("చదివి పంపబడినది" అని ముద్ర)

అన్నయ్యకి,

నెలకి ఒక ఉత్తరం రాసుకోనిస్తారు ఇక్కడ. ఇది మొదటిది. పెన్సిలుతో రాస్తున్నాను, కళ్ళద్దాలు పెట్టుకుని చదువు.

ముందు చెడ్డ కబురు. ఆయన లేరు. ఇక్కడ కాపలా ఉండే ఆవిడ నా చేతుల మీద పుట్టిన పిల్లే. తలుపు సందులోంచి చెప్పి ఏడ్చింది. "మీరు బల్ల దగ్గరికి వెళ్ళేనాటికే లేరమ్మా. ఆ చొక్కా పంపిన పొద్దున్నే పోయారు" అంది. లేని మనిషిని వదిలేస్తామని నన్ను పిలిచారు అన్నయ్యా. గుమాస్తాకి తెలుసు. హాల్లో తలుపు తీసినవాడికి తెలుసు. దారిలో ఎదురైన రొట్టెల కొట్టు అబ్బాయికీ తెలుసు, వాడు ఆ రోజు నా ముఖం చూడలేదు. అందరికీ తెలిసి, నాకు దారి ఇచ్చారు. ఇంకా నాకు ఏడుపు రాలేదు. ఎప్పుడొస్తుందో తెలియదు.

కాబట్టి ఆ రోజు బల్ల దగ్గర ఏం జరిగినా దానివల్ల ఆయనకి నష్టం జరగలేదు. ఈ ముక్క బాగా గుర్తుపెట్టుకో. అందుకే ముందు రాశాను.

నేను చించడానికే వెళ్ళాను. నిజం. పుస్తకం కొత్తగా బాగుచేసి తెచ్చారు, చక్కగా ఉంది. గుమాస్తా "కానివ్వండి అమ్మా" అన్నాడు. పేజీ మీద వేలు పెట్టాను. ఎందుకో చిన్నప్పుడు నాన్న గదిలో మైనం వాసన గుర్తొచ్చింది, నేను దారం లాగుతూ పాడే దేవుడి పాట గుర్తొచ్చింది. మనసు తేలికపడింది. చేతులకి చెమట పట్టింది. రుమాలు తీసి, వేళ్ళ సందులతో సహా పొడిగా తుడుచుకున్నాను. అప్పుడు లాగాను. రెండు చేతులతో, కాన్పులు చేసిన చేతులతో, బలంకొద్దీ లాగాను. చిరగలేదు.

గుమాస్తా లేచి, "ఇలా కాదమ్మా" అని తను లాగాడు. రాలేదు. బల్ల మీద మోకాలు పెట్టి లాగాడు. బల్ల కదిలింది కానీ పేజీ కదల్లేదు. చూసేవాళ్ళలో వెనక ఎవరో సన్నగా పాట ఎత్తుకున్నారు. హెడ్మాస్టరు గారనుకుంటాను. తర్వాత అందరూ అందుకున్నారు. ఆ రోజు ఇంకెవరూ బల్ల దగ్గరికి రాలేదు. మర్నాడు నన్ను తీసుకొచ్చారు.

అందరూ అద్భుతం అంటున్నారు. నువ్వు నవ్వుతావని తెలుసు, నవ్వుకో. కానీ వివరించకు. నీకు తెలిసిన కారణాలేవైనా ఉంటే నీ దగ్గరే ఉంచుకో. ఒక్కసారికి నా మాట నెగ్గనివ్వు.

మార్చి చివర్లో నీకు ఒక జవాబు రాశాను. అది తప్పు జవాబు. వెనక్కి తీసుకుంటున్నాను.

నీ చెల్లి

*

మే 9

చెల్లీ,

నీ పెన్సిలు అక్షరాలు బాగానే తెలిశాయి. ఈ ఉత్తరం మధ్యలో విప్పి చదువుతున్న పెద్దమనిషికి కూడా నమస్కారం. అక్షరదోషాలుంటే దిద్దండి, మీకు ఎలాగూ వేరే పని లేదు.

బావ పోయాడు. ఆయన్ని తిట్టడానికి దాచుకున్నవి ఇంకా చాలా ఉన్నాయి, ఏం చేసుకోను? మొన్న ఆయన పేరు మీద ఒక ఉత్తరం రాశాను. రెండు వాక్యాలు. ఎక్కడికి పంపాలో తెలియక బల్ల సొరుగులో పెట్టాను. కూర్చున్న చోటే కూర్చుండిపోతున్నాను. మందుల షాపు ఆయన పలకరిస్తే చూడనట్టు దాటిపోతున్నాను. అతనికి కూడా తెలుసేమో అనిపిస్తుంది. ఎవరికి ఏం తెలుసో తెలియని వీధిలో ఎలా నడవాలి?

నీ ఇంటికి రాసిన ఒక ఉత్తరం వెనక్కి వచ్చింది. ముఖ్యమైనదేమీ కాదు, కాల్చేశాను. పెన్సిలుతో నువ్వు రాసింది చూశాక, అది నీకు అవసరమే లేదని తెలిసింది. చేతులు తుడుచుకున్నావని రాశావు. మంచి పని చేశావు. నాన్న అయితే నీకు ఇంకో దారపు ఉండ బహుమానంగా ఇచ్చేవాడు.

ఇక అద్భుతం సంగతి. నేను ఎన్ని పుస్తకాలు చదివానో నీకు తెలుసు, ఎన్ని వాదనల్లో నిన్ను ఓడించానో తెలుసు. ఆ పేజీ ఎందుకు చిరగలేదో నాకు తెలియదు. రాసుకో. జీవితంలో మొదటిసారి ఒప్పుకుంటున్నాను. ఈసారి నువ్వే నెగ్గావు.

గుమాస్తా మళ్ళీ వచ్చాడు. ఈసారి జోడు విడవలేదు. "ఏం చేశారు మాస్టారూ ఆ పుస్తకాలకి?" అన్నాడు.

"రెండోది రాకూడదన్నారు, రాకుండా చేశాను" అన్నాను.

"మొదటిది కూడా రావడం లేదు."

"లాగేవాళ్ళకి ఓపిక చాలదేమో" అన్నాను.

ఇస్త్రీ దొర గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మొట్టమొదటిసారి ఆయన చొక్కా నలిగి ఉంది. పూలకుండీ మళ్ళీ బల్లెక్కింది.

సోమవారం నన్ను బల్ల దగ్గరికి రమ్మన్నారు. అందరి ముందూ నేను కుట్టిన పుస్తకంలోంచే ఒక పేజీ లాగి చూపించాలట. చూపిస్తే, పని తెలిసినవాడి చేతిలో మామూలుగానే చిరుగుతుందని, అద్భుతమూ గిద్భుతమూ లేదని జనానికి తెలుస్తుందట. చూపించకపోతే నువ్వున్నటువంటి చోటే నాకూ ఒకటి సిద్ధంగా ఉందట. ఒక ఆకు లాగితే దాని జంట ఊడుతుందని నీకు నేనే రాశాను. కొత్తేమీ కాదు.

"ఏదీ నమ్మనివారు కదండీ, మీకేం కష్టం?" అన్నాడు గుమాస్తా. నిజమే. అందుకే నన్ను ఎంచుకున్నారు.

ఆ పాట, నువ్వు దారానికి మైనం పట్టిస్తూ పాడేది, రాగం గుర్తుంది. మాటలు నేను నమ్మను కాబట్టి రాగం ఒక్కటే పాడుకుంటున్నాను. ఇరుగుపొరుగు గోడ కొడుతున్నారు. కొట్టనీ.

ఆరోగ్యం ఫరవాలేదు. చేతుల్లో బలం ఉంది. ఒకటే ఇబ్బంది. ఈ మధ్య నాకు నోరు బాగా ఎండిపోతోంది. వేలు తడుపుకోవడానికి కూడా తడి ఉండదు. సోమవారానికి తగ్గుతుందన్న ఆశ లేదు.

నీ అన్నయ్య